గొంతు మాత్రమే తెలిసినవాళ్లు

సునామీ వచ్చి వెళ్లిన తర్వాతి వేసవిలో మా అయ్య పగటిపూట ఇంట్లో కనిపించడం మొదలైంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ సగం నుంచి మే నెలాఖరు దాకా వేట నిషేధం పెడతారు. వైజాగ్ హార్బర్‌లో బోట్లన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ జెట్టీకి కట్టేసి ఉండేవి. మా అయ్య ఎల్లారావు ఒక మరబోటుకి సరంగు. బోటు నడిపేదీ, వల ఎక్కడ దించాలో చెప్పేదీ ఆయనే. సముద్రం మీదికి వెళ్తే వారం పదిరోజులకి గాని ఇంటి మొహం చూడని మనిషి, పొద్దున్నే లేచి టీ తాగి, చిరిగిన వల కాసేపు అల్లి, ఇంట్లోకి వచ్చి ఇంకేమిటన్నట్టు నడిమధ్య నిలబడేవాడు.

మా అమ్మ పోతమ్మకి ఇది పెద్ద చికాకు. ఎండుచేపల గంప సర్దుకుంటూ, "ఈ మనిషి ఇంట్లో ఉంటే నాకు కాలూ సెయ్యీ ఆడదు. దేనికో దానికి బయిటికెల్లు" అనేది.

నాకు చికాకు కాదు, భయం. ఎందుకంటే అప్పటికే నేను యూనివర్సిటీకి వెళ్లడం మానేసి చాలా రోజులైంది.

ఇంట్లో ఎవరికీ తెలీదు. రోజూ తల దువ్వుకుని, అమ్మ కట్టిన క్యారేజీ పట్టుకుని బస్సెక్కేదాన్ని. యూనివర్సిటీ స్టాపులోనే దిగేదాన్ని. కాకపోతే గేటులోకి కాకుండా, రోడ్డు దాటి ఎదురు సందులో ఉన్న ఇంటర్నెట్ సెంటర్లోకి వెళ్లేదాన్ని.

నాకు ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో సీటు వచ్చినప్పుడు మా పేటంతా సంబరపడింది. అమ్మ చేపలమ్మే ప్రతి వీధిలోనూ చెప్పుకుంది. క్లాసులో నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అందుకే చెప్పడం కష్టం. అందరూ పాత కాలేజీల నుంచి జట్లు జట్లుగా వచ్చారు, నేనొక్కదాన్నీ విడిగా వచ్చాను. మొదటి వారంలో ల్యాబ్‌లో "ఇది కారిపోతంది, ఏటి సెయ్యాల?" అని అడిగితే పక్కనున్న ఇద్దరు నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. "ఏదీ, మళ్లీ అను" అని ముచ్చటపడ్డారు కూడా. ఆ రోజునుంచి ప్రతి మాటనీ నోట్లోనే దిద్దుకుని పైకి అనడం మొదలుపెట్టాను. నేను దిద్దుకునేలోగా వాళ్లు ఇంకో సంగతిలోకి వెళ్లిపోయేవారు. కొన్నాళ్లకి మాట్లాడడమే తగ్గిపోయింది. మధ్యాహ్నం డిపార్ట్‌మెంటు వెనక మెట్ల మీద కూర్చుని తినేదాన్ని.

ఇంటర్నెట్ సెంటరుకి మొదటిసారి వెళ్లింది సెమినార్ పేపరు కోసమే. పక్క సిస్టం మీద ఒకమ్మాయి చాట్ రూములో ఎవరితోనో నవ్వుకుంటూ మాట్లాడుతోంది. మర్నాడు నేనూ నీలిమ అని పేరు పెట్టుకుని లోపలికి వెళ్లాను. అక్కడ అందరూ తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవారు. ఆ అక్షరాలకి యాస లేదు. నా మాటకి నవ్వారంటే అది నేను వేసిన జోకుకే.

కొద్దిరోజుల్లోనే నాకక్కడ మనుషులయ్యారు. మస్కట్‌లో ఏదో కంపెనీలో పనిచేసే ఒకాయన ఉండేవాడు, అందరూ ఆయన్ని మస్కట్ మావయ్య అనేవారు. బెంగుళూరు నుంచి ఒకావిడ వచ్చేది. అందరికంటే దగ్గరైంది మిణుగురు. అది ఆమె పెట్టుకున్న పేరు. వరంగల్‌లో హాస్టల్లో ఉండి చదువుతున్నానని చెప్పింది. మెట్ల మీద కూర్చుని తినే సంగతి నేను ప్రపంచంలో ఆమె ఒక్కదానికే చెప్పాను. "నేనైతే రూముకి తెచ్చుకుని తలుపేసుకుని తింటా" అంది. ఆ మాట చదివాక నాకు ఎంత హాయిగా అనిపించిందో!

మొదట గంటసేపు వెళ్లేదాన్ని. తర్వాత ఒక పూట. ఆ తర్వాత రోజంతా. సెంటరు నడిపే సన్యాసిరాజు గారికి స్టూడెంట్ల ప్రాజెక్టు రిపోర్టులు టైపు చేసిపెట్టేదాన్ని, బదులుగా ఆయన నన్ను ఎంతసేపైనా కూర్చోనిచ్చేవాడు. ఊళ్లోవాళ్ల ప్రాజెక్టులన్నీ నా చేతిమీదుగా పూర్తయ్యాయి, నాది తప్ప.

మిణుగురు వస్తే తెర మీద ఆమె పేరు పక్కన పసుపురంగు బొమ్మ వెలిగేది. మార్చిలో ఒక సాయంత్రం, "రేపు చాలా చెప్పాలి నీకు" అని వెళ్లింది. ఆ రేపు రాలేదు. బొమ్మ మళ్లీ వెలగలేదు. ఇక అప్పటినుంచి నేను వెళ్లింది కబుర్ల కోసం కాదు, ఆ బొమ్మ కోసం. మిగతావాళ్లతో ఏదో మాట్లాడుతున్నా కన్ను దాని మీదే. ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే, ఇప్పుడు వెలిగిందేమో, నేను లేనని చూసి వెళ్లిపోయిందేమో అనిపించి ముద్ద దిగేది కాదు. మొదటి పరీక్ష రోజున పెన్నులూ హాల్‌టికెట్టూ పట్టుకుని గేటు దాకా వెళ్లాను. ఒక్కసారి చూసి వచ్చేద్దామని సందులోకి తిరిగాను. పరీక్ష అయిపోయిన గంట నాకు ఆ కుర్చీలోనే వినిపించింది.

ఆ మర్నాడే క్యారేజీ ఇంట్లో మర్చిపోయాను.

ఏం చెయ్యాలో తోచక తిరుగుతున్న మా అయ్యకి అంతకంటే ఏం కావాలి! అమ్మ చెప్పకముందే క్యారేజీ తీసుకుని యూనివర్సిటీకి బయల్దేరాడు. నాకు ఇదేమీ తెలీదు. మధ్యాహ్నం తెర ముందు కూర్చుని ఉన్నాను.

"సూరీ."

తల తిప్పితే ఆయన. చేతిలో క్యారేజీ. మంచి చొక్కా వేసుకుని వచ్చాడు, ఇస్త్రీ మడతలు ఇంకా నిలబడే ఉన్నాయి. సన్యాసిరాజు గారు లేచి, "సిస్టం కావాలా పెద్దాయనా?" అన్నాడు.

"సిస్టమొద్దు బావూ. కుర్సీ ఒకటి ఇప్పించు సాలు."

కుర్చీ వేసుకుని నా పక్కన కూర్చున్నాడు. "కాలేజీకెల్లేను. మీ కలాసు పిల్లొకర్తి సెప్పింది, ఇక్కడుంటావని" అన్నాడు. "ఎన్నాళ్ల బట్టి ఎల్లట్లేదు?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఆ చొక్కా చూసి ఆగిపోయాను. "శానా రోజులైందయ్యా" అన్నాను.

"పరిచ్చలు?"

"ఒకటి పోనాది."

ఆయన క్యారేజీని జాగ్రత్తగా కీబోర్డు పక్కన పెట్టాడు. చాలాసేపు తెరకేసి చూశాడు. అరుస్తాడనుకున్నాను. చెయ్యి పట్టుకుని లాక్కుపోతాడనుకున్నాను. "ఎవులితోటి మాటాడతన్నావు?" అన్నాడు.

చూపించాను. "ఈయన మస్కట్లో ఉంటాడు. ఈవిడ బెంగుళూరు."

"నువ్వు సూసేవా ఆలని?"

"నేదు."

"ఆలు నిన్ను?"

"నేదు."

"అయితే మా సెట్టు లాటిదే" అన్నాడు, ఏదో అర్థమైనట్టు తలాడించి.

సెట్టంటే బోటులో ఉండే వైర్‌లెస్. చేప ఎక్కడ పడుతోందో, గాలి ఎలా మళ్లుతోందో ఒక బోటువాళ్లు ఇంకో బోటుకి దాంట్లోనే చెప్పుకుంటారు. దాని గురించి నాకు తెలుసు గాని, దాన్నీ దీన్నీ కలిపి ఎప్పుడూ అనుకోలేదు.

"మస్కట్లో గాలి ఎటుందో అడుగు" అన్నాడు.

అడిగాను. "గాలా? ఇక్కడ నిప్పులు కురుస్తున్నాయి. ఇదేం ప్రశ్న నీలిమా?" అని వచ్చింది. మా నాన్న పక్కన కూర్చున్నాడు, ఆయనే అడుగుతున్నాడు అని కొట్టాను. "నాన్నగారా! నమస్కారమండీ" అన్నాడు మస్కట్ మావయ్య. చదివి వినిపించగానే మా అయ్య గబుక్కున తెరకి చేతులు జోడించాడు.

"ఆ బావు పెళ్లాం పిల్లలు ఆడ ఉన్నారా, ఈడ ఉన్నారా?"

అదీ అడిగాను. ఈసారి జవాబు వెంటనే రాలేదు. మధ్యలో ఎవరెవరి మాటలో వచ్చి తెర పైకి జరిగిపోయాయి. ఆఖరికి, "రాజోలులో ఉన్నారండి. చూసి రెండేళ్లయింది. చిన్నదానికి నా మొహం తెలీదు" అని వచ్చింది. ఇన్ని నెలల్లో మేమెవరం ఆయన్ని ఆ మాట అడగలేదు.

"అయ్యయ్యో" అన్నాడు మా అయ్య. "బేగి ఒచ్చీమని సెప్పు."

తర్వాత క్యారేజీ విప్పి నా ముందు పెట్టాడు. "తినీసి లెగు, ఇంటికెల్దాం."

అప్పుడు నేను మిణుగురు గురించి చెప్పాను. వెలగని బొమ్మ చూపించాను. ఏడుపొచ్చింది. కూర్చున్న కుర్చీ, తినడం మానేసిన అన్నం, పోయిన పరీక్ష, ఏదీ దాచలేదు.

"ఏటయిపోనాదో తెల్దా?"

"తెల్దు. ఎవుల్నడగాలో కూడా తెల్దు."

మా అయ్య కుర్చీ నా వైపు జరుపుకున్నాడు. "నాకూ ఒకడున్నాడే" అన్నాడు.

అతని పేరు సూరన్న. ఊరు ఉప్పాడ, కాకినాడ దగ్గర. అక్కడి బోట్లూ మన బోట్లూ వేటకి ఒకే చోటికి చేరినప్పుడు సెట్టులో పరిచయం. బావా అంటే బావా అనుకుంటూ ఏళ్ల తరబడి మాట్లాడుకున్నారు. మా తమ్ముడు పుట్టి పోయినప్పుడు మా అయ్య ఇంట్లో ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. సముద్రం మీద సూరన్నకి చెప్పి ఏడ్చాడట. ఒకరి మొహం ఒకరు ఎప్పుడూ చూసుకోలేదు. సునామీ రోజునుంచి ఆ గొంతు వినిపించలేదు. ఎవరిని అడిగినా, ఉప్పాడలో సూరన్నలు చాలామంది ఉన్నారన్నారు.

"మరి ఎల్లి సూడొచ్చు కదయ్యా?"

"భయం" అన్నాడు. "ఆడు నేడు, పోనాడంటే ఏటి సెయ్యను?"

ఇంట్లో అమ్మ ఊరుకోలేదు. "వీదివీదినా సెప్పుకున్నాను, మా గుంట పెద్ద సదువు సదూతందని! ఆ డబ్బా ముందు కూకోడానికా అంత సదువు?" అంటూ గంప ఎత్తి కుదేసింది. ఎండుచేపలు గదంతా పడ్డాయి. నేను ఏరుతుంటే వద్దంది. కాసేపటికి తనే పక్కన కూర్చుని ఏరింది. మా అయ్య అంతా అయ్యేదాకా ఉండి, "రేపు నానూ సూరీ ఉప్పాడెల్తన్నాం" అన్నాడు.

"పరిచ్చలెట్టుకుని ఊరికెల్తారేటి?"

"తరవాతది ఇంకా నాలుగైదు రోజులుంది. బోర్డులవీ సదవడానికి నాకు తోడుండాల."

అమ్మ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఏమనుకుందో, తెల్లారేసరికి మంచి వంజరం ఎండుముక్కల మూట ఒకటి కట్టి ఉంచింది. అయ్య నవ్వాడు. "సేపలోళ్ల ఇంటికి ఎండుసేపలు పట్టుకెల్తారేటే?"

"మరి వొట్టి సేతులతో ఎల్తారేటి?"

సామర్లకోటలో రైలు దిగి, కాకినాడ దాకా బస్సు, అక్కడినుంచి సముద్రం ఒడ్డునే ఆటో. ఉప్పాడలో సముద్రం రోడ్డు మీదికి వచ్చేస్తోంది. సగం కూలిన గోడలూ, తలుపుల్లేని గదులూ, వాటి పక్కనే కాపురాలూ. ఆ గోడలు చూసిన కొద్దీ మా అయ్య నడక నెమ్మదించింది.

"సూరన్న ఇల్లెక్కడండీ?" అని నేనే అడిగాను. ఏ సూరన్న అన్నారు. బోటు సూరన్న అంటే ఒక ఇంటికి తీసుకెళ్లారు. లోపలినుంచి పెద్ద మీసాల మనిషి వచ్చి, "ఎవరండీ, ఎక్కడ్నించి?" అన్నాడు. మా అయ్య నా చెవిలో, "ఈడు కాదు" అన్నాడు. అవతలి వీధిలో ఇంకో సూరన్న. ఆయన దగ్గగానే, "ఈడూ కాదు" అన్నాడు. జనం మా వెనక పోగయ్యారు. వెతుకుతున్న మనిషి మొహం తెలీదు, గొంతే తెలుసు అంటే, కొందరు నవ్వారు. నాకు ఆ నవ్వు అసలు పట్టలేదు.

ఒక పాక ముందు నీడలో బక్కపల్చటి ముసలాయన వల అల్లుతున్నాడు. చూపు ఆనడం లేదు కాబోలు, కళ్లకి దగ్గరగా పెట్టుకుని వేళ్లతో తడుముకుంటున్నాడు. లోపలున్న ఎవరినో, "ఒసే, ఆ మంచినీళ్లు ఇలా అందుకో" అన్నాడు.

మా అయ్య నా భుజం పట్టుకున్నాడు. ఆ పట్టులోనే నాకు తెలిసిపోయింది.

"బావా" అన్నాడు మా అయ్య.

వల పట్టుకున్న చేతులు ఆగిపోయాయి. "ఇశాపట్నం ఎల్లారావు బావా?"

ఆ తర్వాత జరిగింది తలచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. ఎదురెదురుగా రెండు మంచాలు వేశారు. ఇద్దరూ కూర్చున్నారు. ఒక్కరూ మాట్లాడరు! "బాగున్నావా" అంటే "బాగున్నాను", "తిన్నారా" అంటే "తిన్నాం". కొత్త పెళ్లికొడుకుల్లా నేల చూపులు చూస్తారు. సూరన్న భార్య చిట్టమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. "సెట్టులో అస్తమానం మాటాడే ఈ మనిషిని బోటు మీదున్నోళ్లు ఎలా ఓర్చుకున్నారో అనేదాన్ని. ఇదేంటండీ?" అంది.

సూరన్న కొంచెం ఇబ్బందిగా కదిలి, మంచం మీదే సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు. కాసేపు అలా చూసి, "ఏం బావా, మీ కాడ గాలి ఎలాగుంది?" అన్నాడు.

మా అయ్య కూడా లేచి వెళ్లి ఆ మంచం మీదే, ఆయన పక్కన, సముద్రానికేసి తిరిగి కూర్చున్నాడు. "తూరుపు మల్లింది బావా. నీటి మీద నురగ సూత్తన్నాను" అన్నాడు. అంతే. మరి ఆగలేదు. సునామీకి ఇల్లు సగం పోయిన సంగతి, బోటు యజమాని బోటు అమ్మేసిన సంగతి, చూపు తగ్గి వేట మానేసిన సంగతి సూరన్న చెప్పాడు. వైజాగ్ నుంచి ఎవరొచ్చినా ఎల్లారావు బావ ఉన్నాడా అని ఆయనా అడిగేవాడట. నేనూ చిట్టమ్మా అన్నం వండాం. ఆ రెండు వీపులూ అక్కడినుంచి కదలలేదు.

వంట మధ్యలో చిట్టమ్మ, "చదువుకుంటున్నావా అమ్మా? ఏం చదువు?" అంది. "కెమిస్ట్రీ అత్తా. నాను పరిచ్చొకటి ఎగ్గొట్టీసేను. మిగతాయి రాయాల" అన్నాను. రెండోసారి ఆలోచించకుండా, ఏ మాటా దిద్దకుండా అనేశాను. "మరింకేం, రాసెయ్" అంది ఆవిడ, మేం తెచ్చిన ఎండుముక్కలు కడుగుతూ. పొద్దున్నుంచీ నాకు ఆ పసుపు బొమ్మ గుర్తు రాలేదని తిరుగు రైలెక్కాక తోచింది.

మర్నాడు యూనివర్సిటీకి వెళ్లి మా అయ్య చెప్పిన పోలికల్ని బట్టి, ఆయనకి నా జాడ చెప్పిన అమ్మాయి కోసం వెతికాను. ఆశాజ్యోతి. ఇల్లు గాజువాక, వాళ్ల నాన్న స్టీల్ ప్లాంటులో పని. తణుకు వైపు నుంచి వచ్చినవాళ్లు. ల్యాబ్ బయట ఒక్కతే నిలబడి ఉంది. "నాకు నోట్సు కావాల. నానేటీ సదవలేదు" అన్నాను. నవ్వుతుందేమోనని చూశాను. ఆమె సంచి దింపి, "ఎక్కడ్నించి మొదలెడదాం?" అంది.

మిగిలిన పేపర్లన్నీ రాశాను. పోయినదాన్ని ఆ తర్వాత ఏడాది మళ్లీ రాసి గట్టెక్కాను. నెట్ సెంటరు మానలేదు గాని, వారానికోసారి వెళ్లేదాన్ని. మస్కట్ మావయ్య ఆ దసరాకి సెలవు పెట్టి వస్తున్నానని, నాన్నగారికి చెప్పమని రాశాడు. మిణుగురు మాత్రం మళ్లీ రాలేదు. ఏమైందో నాకు ఈ రోజుకీ తెలీదు. ఎక్కడో ఎవరితోనో కలిసి అన్నం తింటోందని అనుకుంటాను.

నిషేధం ఎత్తేసి బోట్లు కదిలే రోజుకి సూరన్నా చిట్టమ్మా మా ఇంటికి వచ్చారు. జెట్టీ మీద నిలబడి సూరన్న, కనపడని బోట్లని ఇంజను చప్పుడు బట్టి ఒక్కొక్కటే పోల్చాడు. అప్పటినుంచి ఏటా ఆ నెలన్నరా రెండిళ్లవాళ్లం అటో ఇటో వెళ్తూనే ఉన్నాం. మా అయ్య ఇంట్లో ఉంటే కాలూ చెయ్యీ ఆడదనే మాట అమ్మ మరి అనలేదు.

ఆ ఏడు నిషేధం తర్వాత మొదటి వేట ముగించి అయ్య ఒడ్డుకొచ్చిన రోజున ఆశాజ్యోతిని భోజనానికి పిలిచాను. అమ్మ వంజరం పులుసు పెట్టింది. వాకిట్లో చాప వేసుకుని తింటున్నాం.

"నాను నెట్ సెంటర్లో ఉంటానని నీకెలాగ తెలుసు?" అని అడిగాను.

"రోజూ ఆ సందులోంచేగా బస్టాపుకి వెళ్తాను. గుమ్మంలో నీ చెప్పులు కనపడేవి."

"మరి ఒక్కసారైనా లోపలికి రాలేదేటి?"

ఆశాజ్యోతి ముద్ద కలుపుతూ, "నీకక్కడ చాలామంది ఉన్నారనుకున్నాను. నేనూ మధ్యాహ్నం ఒక్కదాన్నే తింటాను కదా, చాలాసార్లు పిలుద్దామనిపించింది. గుమ్మం దాకా వచ్చి వెళ్లిపోయేదాన్ని" అంది.

నేనేదో అనబోయాను. అమ్మ గిన్నె పట్టుకుని వచ్చి, ఇద్దరి పళ్లాల్లోనూ ఇంకో ముక్క వేసి, "కబుర్లెక్కడికీ పోవు, ముందు తినండి" అంది.

తిన్నాం. చాలాసేపు కూర్చుని తిన్నాం.